మిణుగురు వెలగని పేజీ

ఎల్కపల్లి ప్రాథమిక పాఠశాలలో రాజలింగం పాఠం చెబుతుంటే రోడ్డున పోయేవాళ్లు బండి ఆపి వినేవారు. పాఠంలోకి నక్క వస్తే ఆయన నక్క అయ్యేవాడు. రాజు వస్తే కుర్చీ మీద కాలు మీద కాలేసుకుని కూచునేవాడు. ముసలమ్మ వస్తే నడుం వంచి, గొంతు వణికించి, పిల్లల్లో ఒకరి భుజం పట్టుకుని గదంతా తిరిగేవాడు. పగలు చెప్పిన పాఠం సాయంత్రానికి ఊళ్లో సగం ఇళ్లలో వినిపించేది. ఒళ్లు వెచ్చబడినా బడికి పోతామని పిల్లలు పేచీ పెట్టే ఊరు అది.

ఆయన భార్య స్వరూపకు మాటలు తక్కువ. హనుమకొండలో బడి చదువుల మీద గణాంకాలు తీసే ఒక పరిశోధనశాలలో ఆమె ఉద్యోగం. ఆమెను చాలా ఏళ్లుగా రెండు అంకెలు వెంటాడుతున్నాయి. పరీక్షల లెక్క చూస్తే అయిదో తరగతి పిల్లలు దాదాపు అందరూ పాసవుతున్నారు. ఇంటింటికీ తిరిగి చదివించి చూసిన సర్వే చూస్తే వాళ్లలో సగం మందికి రెండో తరగతి పుస్తకం కూడా రాదు. పిల్లలు వాళ్లే, ఏడాది అదే. ఎవరికి అనుకూలమైన అంకెను వాళ్లు పట్టుకుని పోట్లాడుకుంటున్నారు. చదవడం అంటే ఏమిటో తేల్చకుండా దాన్ని ఎట్లా కొలుస్తారన్నది స్వరూప ప్రశ్న.

ఆ ప్రశ్నలోంచే మిణుగురు పుట్టింది. చెవి వెనక పెట్టుకునే చింతగింజంత పరికరం అది. మాట మీద కన్ను పడి అర్థం తట్టిన క్షణాన మెదడులో ఒక సన్నని అల లేస్తుంది. ఆ అలను అది పసిగడుతుంది, పసిగట్టిన ప్రతిసారీ పసుపుపచ్చగా వెలుగుతుంది. అది సరిగ్గా పని చేసిన మొదటి రోజు ఆ పరిశోధనశాల అధిపతి మురళీధర్ దాన్ని పెట్టుకుని, తెలుగు లిపిలో రాసిన తమిళ వార్త ఒకటి గడగడా చదివారు. ఒక్క తప్పు పోలేదు, మిణుగురు ఒక్కసారీ వెలగలేదు. ఆయనకు తమిళం రాదు. తర్వాత టిఫిన్ పొట్లం కట్టి వచ్చిన తెలుగు పేపరు ముక్క ఇస్తే మాటమాటకూ వెలిగింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. స్వరూప మాత్రం ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. నోరు చదవడం, మనిషి చదవడం ఒకటి కాదని ఇంత తేటగా కనబడటం ఆమెకు అదే మొదలు.

తొలి విడత పరీక్షకు కొన్ని బడులు కావాలన్నప్పుడు, "మా బడికి రండ్రి. మా పిల్లలు మీ మిణుగురుకు తీరిక లేకుంట చేస్తరు" అన్నాడు రాజలింగం.

స్వరూప వెళ్లింది. నియమం ప్రకారం రాజలింగం గది బయటే ఉన్నాడు. అయిదో తరగతి సాత్విక ముందుకొచ్చింది. రెండు జడలు, ఊడిన పన్ను, బెదురు లేని చూపు. పాఠ్యపుస్తకం తెరిచి ఏరు పారినట్టు చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచింది. మిణుగురు చీకటిగా ఉంది.

పరికరం సరిగ్గా ఆనలేదేమో అనుకుని స్వరూప సర్ది చూసింది. ఇంకొకటి తెచ్చి పెట్టింది. అదీ వెలగలేదు. అప్పుడు పిల్ల కళ్ల వైపు చూసింది. అవి పేజీ మీద లేవు. ఎదురుగా, గోడకూ పైకప్పుకూ మధ్య ఎక్కడో ఉన్నాయి. సాత్విక పుస్తకాన్ని పట్టుకుంది గానీ చదువుతున్నది పుస్తకాన్ని కాదు. లోపల మోగుతున్న సారు గొంతును బయటికి పలుకుతోంది.

స్వరూప సంచిలోంచి వేరే పేజీ తీసింది. మేక బొమ్మ కింద నాలుగు వరుసలున్న కాగితం. సాత్విక బొమ్మను చూసింది, తడుముకోకుండా ఒక మేక కథ చదివింది. చాలా మంచి కథ. ఆ నాలుగు వరుసల్లో అందులోని ఒక్క మాట కూడా లేదు.

ఆ సాయంత్రం అన్నం తింటూ రాజలింగం అడిగాడు, "ఎట్ల చదివిన్రు మావోళ్లు?"

"అన్ని బడులు అయ్యేదాంక చెప్పొద్దు గద."

"నాకు గూడనా?"

"మీకే ముందు చెప్పొద్దు" అంది స్వరూప, ఆయన కంచంలో పప్పు వేస్తూ. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఎంత నమ్మకముందో చూసి ఆమె తన కంచం పక్కకు జరిపింది.

అన్ని బడుల లెక్కలూ వచ్చాయి. ఎల్కపల్లి అన్నిటికన్నా అట్టడుగున ఉంది. పరికరం పనితనం చూసుకోవడానికి తీసిన కొలతలు అవి. కానీ ఆ సంగతి పైకి పాకింది. ఇంత సూటిగా కొలిచే సాధనం ఇదివరకు ఎవరి చేతిలోనూ లేదు. అడుగున ఉన్న చిన్న బడులను పక్క ఊళ్ల పెద్ద బడుల్లో కలపాలని ఆలోచిస్తున్నామనీ, జాబితా పంపమనీ అధికారులు అడిగారు. ఎల్కపల్లికి దగ్గరి పెద్ద బడి వాగు అవతల ఉంది. వానాకాలం మొదలైతే ఆ వాగు దాటి చిన్నపిల్లలు పోలేరు.

మురళీధర్ స్వరూపను తన గదికి పిలిచారు.

"స్వరూప గారూ, ఆ బడి మీ ఆయనది. కొలిచింది మీరు. శాస్త్రం ప్రకారమే ఆ కొలత చెల్లదని పక్కన పెట్టొచ్చు. ఎవ్వరూ తప్పు పట్టరు. నేనే సంతకం పెడతాను."

"చెల్లదంటే, ఇంకొకరిని పంపి మళ్లా కొలిపించాలె గద సార్."

"పంపాలి. ఇప్పుడే పంపాలని ఎవరూ అనలేదు" అన్నారాయన మెల్లగా. మంచి మనిషి, ఆమె మేలు కోరే అంటున్నారు. రెండు రోజులు ఆలోచించుకుంటానని స్వరూప లేచింది. గుమ్మం దాటుతుంటే, భార్యలు గణాంకాలు తీయని మిగతా మాస్టార్ల సంగతేమిటన్న ఆలోచన వచ్చి కాళ్లకు అడ్డం పడింది.

ఆదివారం మధ్యాహ్నం వరండాలో ఇద్దరూ చిక్కుడుకాయలు తుంచుతూ కూచున్నారు.

"మీ బడి గురించి ఒక మాట చెప్పాలె" అంది స్వరూప.

"చెప్పు."

"అన్నిటికన్న కింద ఉన్నది."

రాజలింగం చేతిలోని కాయ తుంచి గిన్నెలో వేశాడు. "మెషిన్ ఖరాబైనట్టుంది."

"నేను గూడ అట్లనే అనుకున్న. మార్చి పెట్టి చూసిన."

"సాత్విక చదివింది విన్నవా? ఆ పిల్ల చదువుతుంటే నాకే ముచ్చటైతది."

"విన్న. ముచ్చటగనే ఉన్నది. కానీ పేజీ దిక్కు చూడలేదు ఆ పిల్ల."

ఆయన ముఖం ఎర్రబడింది. పిల్లలు భయపడి ఉంటారన్నాడు. కొత్త మనుషులన్నాడు, తలకు తగిలించిన యంత్రమన్నాడు. "నువ్వు అంకెలు చూస్తవు. నేను పిల్లలను చూస్త" అన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను అంత కటువుగా ఎన్నడూ అనలేదు. స్వరూప గిన్నె తీసుకుని లోపలికి పోయి, వంటింట్లో ఊరికే నిలబడింది.

కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవ్వరూ చూడని పేజీ ఉన్నదా నీ దగ్గర? బొమ్మ లేంది."

మర్నాడు ఆ పేజీ జేబులో పెట్టుకుని బడికి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే మెట్ల మీద కూచున్నాడు. స్వరూప మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన కూచుంది.

"బావి తవ్వుడు గురించి గద ఆ పేజీ" అన్నాడాయన.

"అవును."

"సాత్విక నక్క కథ చదివింది. నా లెక్కనే గొంతు మార్చి, నా లెక్కనే చెయ్యి తిప్పి చదివింది. నాకు నవ్వొచ్చింది, స్వరూపా. అటెనుక రమేషుకు ఇచ్చిన, భవానికి ఇచ్చిన. అప్పుడు నవ్వు రాలే." గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పుతూ ఉన్నాడు. "నేను చెప్పుడు మొదలుపెడితే వాళ్లు నా మొకమే చూస్తరు. ఇంక పుస్తకం దిక్కు ఎందుకు చూస్తరు? చూసే పని నేనే లేకుంట చేసిన."

స్వరూప ఆయన భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడే మురళీధర్ చెప్పిన మాట కూడా చెప్పింది.

"తీసేస్తే ఏమైతది?" అన్నాడు రాజలింగం.

"బడి ఉంటది. మీ పేరు ఉంటది."

"మరి సాత్విక?"

ఆయన గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

"ఉంచు" అన్నాడు. చెప్పులు విప్పుతూ మళ్లీ అన్నాడు, "ఉంచితే బడి పోతదేమో. అయినా ఉంచు. కాకపోతే ఒక్కటే బాధ. ఆ అంకె చూసినోళ్లు మా పిల్లలు మొద్దులనుకుంటరు. వాళ్లు మొద్దులు కాదు."

ఆ చివరి మాట స్వరూప మనసులో తిరుగుతూ ఉండిపోయింది. అంతకుముందు, నా మొకమే చూస్తరు అన్నాడాయన. చూసి ఏం చేస్తారు? వింటారు. విన్నది వాళ్లకు అర్థమవుతుందా లేదా అన్నది తన పరిశోధనశాలలో ఎవరూ కొలవలేదు. చదవడం గురించి అడిగారు కాబట్టి కంటిని మాత్రమే పట్టుకున్నారు. చెవిన పడ్డ మాట వెనక లేచే అల మాటేమిటి? మిణుగురుకు అదేమీ కష్టమైన పని కాదు. కొద్దిపాటి మార్పు చాలు.

వారం తిరగకముందే ఆమె మళ్లీ ఎల్కపల్లికి వెళ్లింది. ఈసారి మురళీధర్ కూడా వెంట వచ్చారు. కొలత ఆయన చేతుల మీదే జరగాలని స్వరూప పట్టుబట్టింది. చదివించి చూసిన అంకె ఆయన కొలిచినా మారలేదు. తర్వాత గది కిటికీలు మూశారు. పిల్లలందరి చెవుల వెనకా ఒక్కో మిణుగురు పెట్టారు. పిల్లలు ఇదివరకు వినని కథ ఏదైనా చెప్పమని రాజలింగాన్ని అడిగారు. ఆయన పిల్లలందరి ముఖాలూ ఒకసారి చూశాడు. తర్వాత, ఊరికి దారి తప్పి వచ్చిన ఒక మబ్బు గురించి మొదలుపెట్టాడు.

స్వరూప గది వెనక నిలబడి ఉంది. మొదట ఒకటి వెలిగింది. తర్వాత రెండు. మబ్బు చేను గట్టు మీద కూచుని అలసట తీర్చుకునేసరికి గది నిండా పసుపుపచ్చ చుక్కలు. మాటమాటకూ వెలుగుతూ, ఆరుతూ, మళ్లీ వెలుగుతూ. ఒకటో తరగతి పిల్లల చెవుల వెనక కూడా. సాత్విక చెవి వెనకది ఆరడమే లేదు. మురళీధర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఎదురుగా నిలబడ్డ రాజలింగానికి పిల్లల ముఖాలే తప్ప అవి కనిపించవు. ఆయన చూడాలని స్వరూపకు ప్రాణం కొట్టుకుంది. కానీ కథ ఆపి వస్తే అన్నీ ఆరిపోతాయి. ఆమె చెయ్యి ఊపి, చెబుతూనే వెనక్కి రమ్మని సైగ చేసింది. ఆయన మబ్బును నడిపిస్తూ, తనూ నడుస్తూ, గోడ వారగా వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. చూశాడు. అయినా కథ ఆపలేదు. వెలుగులూ ఆగలేదు.

స్వరూప తొలి విడత బడులన్నిటిలోనూ ఆ రెండో కొలత తీయించింది. ఒక్కో బడికీ ఇప్పుడు ఒకటి కాదు, రెండు అంకెలు. పిల్లలు వింటే ఎంత వెలుగు, చదివితే ఎంత వెలుగు. దాదాపు అన్నిచోట్లా విన్నప్పటిది ఎత్తుగా ఉంది. చదివినప్పటిది కిందికి జారింది. పట్నంలో పేరున్న బడి ఒకటి కూడా ఇందుకు మినహాయింపు కాదు. అక్కడి పిల్లలు ఇంగ్లీషు పాఠం అప్పగిస్తుంటే మురళీధర్ తమిళం చదివినప్పటిలాగే మిణుగురు చీకటిగా ఉంది.

"వాళ్లు ఇది అడగలేదు కదా, స్వరూప గారూ" అన్నారు మురళీధర్ నివేదిక చూసి.

"అడగలేదు సార్. కానీ ఒక్క అంకె పంపితే పిల్లలకు తెలివి లేదన్నట్టుంటది. రెండు పంపితే, తెలివి ఉన్నది, దానికి అక్షరమే అందలేదన్నట్టుంటది. రెండో మాట నిజం."

ఎల్కపల్లి పేరు అట్టడుగునే ఉంచి ఆమె నివేదిక పంపింది. కొలిచింది తానేననీ, అక్కడి ఉపాధ్యాయుడు తన భర్త అనీ, మురళీధర్ మళ్లీ కొలిచారనీ కింద రాసింది.

తర్వాత జరిగినదంతా మంచే అనలేం. కొన్ని చిన్న బడులు నివేదిక చదవకముందే మూతపడ్డాయి. వాటిలోని పిల్లలు ఎందరు పెద్ద బడి దాకా వెళ్లారో, ఎందరు దారిలో ఆగిపోయారో అన్నది స్వరూప ఆ తర్వాత చాలాకాలం వెతికిన లెక్క. మిగిలిన వాటికి ఒక ఏడాది గడువు దొరికింది. వాటిలో ఎల్కపల్లి ఉంది.

కొలతలు ఊళ్లో తెలిసిన రోజు తల్లిదండ్రులు బడి ముందుకు వచ్చారు. రాజలింగం ఏమీ దాచకుండా చెప్పాడు. కొందరు గొణుక్కున్నారు. ఒకాయన తన కొడుకును పట్నం బడిలో వేస్తానని అక్కడికక్కడే పిల్లవాడి సంచి తీసుకుపోయాడు. సాత్విక తల్లి రజిత అందరూ పోయేదాకా ఆగింది. ఆమెకు చదువు రాదు.

"సార్, అది రోజూ ఇంట్ల నాకు చదివి వినిపిస్తది గద" అంది.

"అవి పుస్తకంల ఉన్నయి కావమ్మా."

"మరి యాడికెల్లి తెస్తది?"

"కొన్ని నేను చెప్పినయి. కొన్ని దాని సొంతం."

రజిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న ఏనుగు బస్సెక్కిన కథ చదివింది. అది గూడ సొంతమేనా?"

"నేనైతే చెప్పలే" అన్నాడు రాజలింగం.

"మంచిగున్నది సార్ ఆ కథ" అంది ఆమె. "కానీ పుస్తకంల ఉన్నది గూడ రావాలె దానికి. నా లెక్క కావొద్దు."

ఆ మర్నాటి నుంచి రాజలింగం కథలు మానేశాడు. అక్షరాల కాడికి, గుణింతాల కాడికి మళ్లీ వచ్చాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లల పక్కన కూచున్నారు. పిల్లలకు ఇది నచ్చలేదు. "కథ చెప్పండ్రి సార్" అని వారం పాటు వెంటపడ్డారు. ఆయన ఇంటికొచ్చి నోరు నొప్పి పుడుతున్నవాడిలా ముభావంగా కూచునేవాడు. మాట్లాడటం కన్నా మాట్లాడకుండా ఉండటం ఇంత కష్టమని తనకు తెలియదన్నాడు ఒకరోజు. స్వరూప రాత పని ఇంటికి తెచ్చుకుంది. ఎవరూ చూడని చిన్న చిన్న వాక్యాలు పిల్లల కోసం రాసింది. ఆమెకు కథలు రావు. పెళ్లయిన కొత్తలోనే ఆ సంగతి ఒప్పుకుంది. అయినా రాసి, రోజుకు ఒక పేజీ ఆయన చేతికిచ్చేది. తాను ముందే చదివితే నోరు ఊరుకోదని ఆయన ఆ పేజీలను మడత విప్పకుండానే పిల్లలకిచ్చేవాడు. రాత్రిళ్లు గిన్నెలు కడుగుతుంటే మాత్రం, ఆమె బతిమాలకుండానే, ఆపుకున్న కథలన్నీ ఆమెకు చెప్పేవాడు.

చలికాలం వచ్చింది. ఒక ఉదయం స్వరూప సెలవు పెట్టి ఆయనతో పాటు బడికి వెళ్లింది. మిణుగురులు తేలేదు. వెనక బల్ల మీద కూచుని చూస్తానంది.

ఆ రోజు పేజీ సాత్వికకు వచ్చింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మునుపటి ఏరు ఇప్పుడు లేదు. రాళ్లలో నీళ్లు వెతుక్కుంటూ పోతున్నట్టు మెల్లగా కదిలింది.

"తా... త... తాత. మీ... సా... లకు." ఆగింది. వేలు అక్కడే ఉంది. "పె... రు... గం..."

అక్కడ చిక్కుపడింది. మొదటికి వెళ్లి మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే చిక్కుపడింది. రాజలింగం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ చంకల్లో బిగించుకున్నాడు. ఆయన పెదవులు కదలబోవడం, వాటిని ఆయన పళ్లతో నొక్కిపట్టడం స్వరూప చూసింది. గదిలో ఎవరో దగ్గారు. సాత్విక నుదుటి మీద చెమట పట్టింది.

"గం... టిం... పెరుగంటింది." పిల్ల తలెత్తలేదు. వేలు ముందుకు జరిగింది. పెదవులు మాత్రమే కదిలాయి, గొంతు బయటికి రాలేదు. తర్వాతి వరుసలో వేలు ఒక మాట మీద ఆగింది, ఇంకో మాట మీదికి పోయింది.

అప్పుడు నవ్వింది. ఊడిన పన్ను స్థానంలో వచ్చిన కొత్త పన్ను కనిపించేలా, పేజీని కడుపుకు ఆనించుకుని, వంగిపోయి నవ్వింది.

"ఏమున్నది? ఏమున్నదే అండ్ల?" పక్కనున్న భవాని లేచింది. రమేషు బల్ల ఎక్కాడు. "సాత్వికా, చెప్పవే."

సాత్విక కాగితాన్ని భవాని వైపు చాచింది. "నువ్వే చదువుకో."

"నాకన్న చెప్పు బిడ్డా" అన్నాడు రాజలింగం. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయన గొంతును బట్టి చెప్పడం కష్టం. "ఏమైంది తాతకు?"

సాత్విక ఆయన వైపు తిరిగి, ఒక్క క్షణం ఆలోచించి, తల అడ్డంగా ఊపింది.

"చెప్తే మజా రాదు సార్" అంది. "మీరు గూడ చదువుకోండ్రి."

పేజీ భవాని చేతిలోకి పోయింది. పిల్లలంతా దాని మీదికి తలలు వంచారు. వాళ్ల వెనక నుంచి, తన వంతు కోసం ఆగి, రాజలింగం కూడా మునివేళ్ల మీద లేచి తొంగి చూశాడు.